ఏ ఎడిటర్‌లో రాస్తే ఏ మెషీన్‌లోనైనా నడుస్తుంది?

వెబ్ డెవలప్‌మెంట్ నేర్చుకునేవాళ్లు మొదటి హెచ్‌టిఎమ్ఎల్ ట్యాగ్ రాయకముందే అడిగే ప్రశ్న ఒకటుంది: ఏ ఎడిటర్ పెట్టుకోవాలి? అమీర్‌పేటలో కోచింగ్ సారును అడిగితే ఆయన వాడేదే చెబుతారు. కాలేజీలో సీనియర్ ఇంకోటి చెబుతాడు. యూట్యూబ్‌లో నల్లటి తెర మీద రంగురంగుల అక్షరాలతో చకచకా కోడ్ కొట్టే అబ్బాయి మూడోది చెబుతాడు. ఎవరి చేతికి అలవాటైంది వాళ్లకు గొప్ప. కాకపోతే ఆ ముగ్గురిలో ఎవరూ మీ అవసరం చూసి చెప్పరు.

ఇంట్లో ఉన్నది సెకండ్ హ్యాండ్ విండోస్ ల్యాప్‌టాప్ అనుకుందాం. కాలేజీ ల్యాబ్‌లో ఉబుంటు అనే లైనక్స్. రేపు ఉద్యోగమొస్తే కంపెనీ మ్యాక్ ఇవ్వొచ్చు. మీరు కట్టిన వెబ్‌సైట్ చివరికి చేరేది చాలావరకు లైనక్స్ సర్వర్ మీదికే. ఇన్ని చోట్ల తిరిగే పని కాబట్టే విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింటిలోనూ నడిచే ఎడిటర్ కావాలంటారు. మన దగ్గర ఎంతోమందికి తొలి ఎడిటర్ నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్. 2003 నుంచీ ఉంది, ఉచితం, తేలిక, పాత మెషీన్‌లోనూ క్షణంలో తెరుచుకుంటుంది. కానీ అది విండోస్ గడప దాటదు. బిబిఎడిట్, నోవా లాంటివి మ్యాక్ దాటవు. వాటిని పక్కన పెడదాం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వెబ్ కోడ్ అంతా మామూలు టెక్స్ట్. అందుకని ఒక ఎడిటర్‌లో ఏమేం సదుపాయాలున్నాయో లెక్కపెట్టే ముందు, దాన్ని రేపు వదిలేయాల్సి వస్తే మీ ప్రాజెక్టు గతేమిటో చూసుకోవాలి. మెషీన్ మారుతుంది, ఉద్యోగం మారుతుంది, ఒక్కోసారి ఎడిటరే మూతపడుతుంది. అలా మూతపడ్డవాటి కథలు కొంచెం సేపట్లో చెబుతాను.

ముందు ఒక చిన్న సందేహం. హెచ్‌టిఎమ్ఎల్ రాయడానికి విండోస్‌లో ఉండే మామూలు నోట్‌ప్యాడ్ చాలదా? చాలు, రాయడానికైతే. ఎంఎస్ వర్డ్ మాత్రం పనికిరాదు. అది మీరు కొట్టిన నిటారు కొటేషన్లను అందంగా వంచేస్తుంది, బ్రౌజర్‌కు ఆ వంపు కొటేషన్లు కోడ్‌గా అర్థం కావు. నోట్‌ప్యాడ్ అలాంటి తెలివితేటలు చూపించదు గానీ, దాని చిక్కు దానిది. ఎంటర్ కొడితే లైను మారినట్టు మనకు కనబడుతుంది కదా, ఫైల్ లోపల ఆ చోట విండోస్ రెండు గుర్తులు పెడుతుంది, లైనక్స్, మ్యాక్ ఒకటే పెడతాయి. టెలిప్రింటర్ల కాలంలో అచ్చు తలను ఎడమ అంచుకు లాగడానికి ఒక సంకేతం, కాగితాన్ని పైకి జరపడానికి ఇంకో సంకేతం ఉండేవి. విండోస్ ఆ రెండింటినీ అలాగే ఉంచుకుంది. 2018 వరకు నోట్‌ప్యాడ్‌కు లైనక్స్ పద్ధతి తెలియనే తెలియదు, అక్కడ రాసిన ఫైల్ ఇక్కడ తెరిస్తే వంద లైన్లూ ఒకే లైనుగా అతుక్కుపోయి కనబడేవి.

ఇది చరిత్రే కదా అనుకోవద్దు, ఇవాళ్టికీ తగువులు పెడుతోంది. ఇద్దరు మిత్రులు ఒకే ప్రాజెక్టు మీద పనిచేస్తున్నారు, ఒకరిది విండోస్, ఒకరిది లైనక్స్. మొదటి వాడు ఒక్క అక్షరం మార్చి సేవ్ చేస్తే, ఎడిటర్ మొత్తం ఫైల్‌లో లైన్ల చివరలన్నీ మార్చేసింది. మార్పుల లెక్క రాసిపెట్టే గిట్‌లో చూస్తే మూడొందల లైన్లూ మారినట్టు ఎర్రగా, ఆకుపచ్చగా బారులు తీరతాయి. అసలు మార్పు ఎక్కడుందో వెతకడం ఎవరి తరం? ఇంకో రకం కూడా ఉంది. విండోస్‌లో రాసిన చిన్న షెల్ స్క్రిప్టును సర్వర్‌లో నడిపితే, ఫైల్ ఎదురుగా కనబడుతున్నా అలాంటి ఫైలే లేదని మొరాయిస్తుంది. ఏ ప్రోగ్రామ్‌తో నడపాలో చెప్పే మొదటి లైను చివర కంటికి కనబడని ఆ అదనపు గుర్తు కూర్చుని ఉంటుంది, ప్రోగ్రామ్ పేరులో అదీ భాగమనుకుని సర్వర్ వెతుకుతుంది. అందుకే నేను ఎడిటర్‌లో మొదట చూసేది రంగులు కాదు. లైను చివర ఏ పద్ధతి వాడుతోందో చూపించి, అక్కడే మార్చనిస్తుందా లేదా అన్నది. మూడు సిస్టమ్‌లలోనూ నడిచే విఎస్ కోడ్ అనే ఎడిటర్‌లో కింద కుడి మూల సిఆర్‌ఎల్‌ఎఫ్ (రెండు గుర్తులు) అనో ఎల్‌ఎఫ్ (ఒకటే) అనో ఉంటుంది, దాని మీద నొక్కితే మారుతుంది. అలాంటిదే ఇంకో ఎడిటర్ సబ్లైమ్ టెక్స్ట్‌లో వ్యూ మెనూలో దొరుకుతుంది.

ఫైళ్ల పేర్లది ఇంకో తలనొప్పి, దీన్ని ఏ ఎడిటరూ పూర్తిగా తీర్చలేదు. ఇంగ్లిష్ పెద్దక్షరంతో మొదలయ్యే లోగో ఫైల్‌ను, చిన్నక్షరంతో మొదలయ్యే లోగో ఫైల్‌ను విండోస్ ఒకటే అనుకుంటుంది. మ్యాక్ కూడా మామూలుగా అంతే. లైనక్స్‌కు అవి రెండు వేరు ఫైళ్లు. మీ ల్యాప్‌టాప్‌లో బొమ్మ చక్కగా కనబడుతుంది, సర్వర్‌కు ఎక్కించగానే మాయమవుతుంది. పేరు సరిచేద్దామని విండోస్‌లో పెద్దక్షరాన్ని చిన్నదిగా మారిస్తే, గిట్ ఆ మార్పును గమనించకుండా ఊరుకోవచ్చు. గిట్ చేతే పేరు మార్పించాలి. ఫైళ్లన్నిటికీ చిన్నక్షరాలే పెట్టుకుంటే ఈ బాధే ఉండదు.

తెలుగులో వెబ్ పేజీలు రాసేవాళ్లకు మూడో విషయం అన్నిటికన్నా ముఖ్యం. ఒకప్పుడు తెలుగు పత్రికల వెబ్‌సైట్లు సొంత ఫాంట్లతో నడిచేవి, ఆ ఫాంట్ లేకపోతే తెర మీద అంతా గజిబిజి. యూనికోడ్ వచ్చాక ఆ బాధ తప్పింది. అయితే ఫైల్‌ను యుటిఎఫ్-8 పద్ధతిలో సేవ్ చేయాలి. ఆ పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకూ మూడు బైట్లు పడతాయి. యుటిఎఫ్-8లో ఉన్న తెలుగు ఫైల్‌ను పాత పాశ్చాత్య పద్ధతిలో తెరిస్తే, అక్షరం మూడు ముక్కలై, తల మీద గీత ఉన్న ఇంగ్లిష్ ఎ, పక్కన డిగ్రీ గుర్తు, దాని పక్కన ఇంకేదో గుర్తు వరుసగా పరుచుకుంటాయి. ఆ ఎ, డిగ్రీ గుర్తుల బారు కనబడిందంటే ఫైల్ పాడైపోలేదు, చదివే పద్ధతి తప్పింది. కంగారుపడి సేవ్ నొక్కకండి, ఎన్‌కోడింగ్ మార్చి మళ్లీ తెరవండి. విఎస్ కోడ్‌లోనూ సబ్లైమ్‌లోనూ ఈ వసతి ఉంది. నోట్‌ప్యాడ్ కొత్త ఫైళ్లను యుటిఎఫ్-8లో సేవ్ చేయడం మొదలుపెట్టింది 2019లో.

'స్త్రీ' అనే మాటనే తీసుకోండి. కంటికి ఒకటే అక్షరం. కంప్యూటర్ లోపల స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం వెరసి ఆరు గుర్తులు, పద్దెనిమిది బైట్లు. జావాస్క్రిప్ట్‌లో పొడవెంత అని అడిగితే ఆరు అంటుంది. ఈ ఆరింటినీ కలిపి ఒక్క అక్షరంగా గీయడం ఎడిటర్ పని. కోడ్ రాయడానికి వాడే ఫాంట్లలో ప్రతి అక్షరం ఒకే వెడల్పు ఉంటుంది, వాటిలో తెలుగు సాధారణంగా ఉండదు. అప్పుడు ఎడిటర్ సిస్టమ్‌లో ఉన్న తెలుగు ఫాంట్‌ను అరువు తెచ్చుకుంటుంది, విండోస్‌లో నిర్మల, లైనక్స్‌లో నోటో లాంటివి. లైనక్స్‌లో తెలుగు ఫాంట్ ఏదీ లేకపోతే డబ్బాలు కనబడతాయి. టెర్మినల్‌లో నడిచే విమ్ లాంటి ఎడిటర్లలో తెలుగు ఒత్తులు తరచు విడిపోతాయి, కర్సర్ ఒకచోట ఉంటే అక్షరం ఇంకోచోట పడుతుంది. విఎస్ కోడ్ లోపల ఉన్నది బ్రౌజర్ ఇంజనే కాబట్టి క్రోమ్‌లో కనబడినంత చక్కగా తెలుగు కనబడుతుంది. తెలుగు కంటెంట్ రాసేవాళ్లకు దానిలో ఉన్న పెద్ద సుఖం ఇదేనని నా లెక్క, దీన్ని ఎవరూ పెద్దగా చెప్పుకోరు. ఇంకో ఉపకారం కూడా ఉంది. 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటల్లో పొల్లు నిలబడడానికి కంటికి కనబడని ఒక గుర్తు పెడతాం. అలాంటిది పొరపాటున కోడ్‌లో వేరియబుల్ పేరు మధ్యలో దూరితే ప్రోగ్రామ్ ఎందుకు తప్పుతోందో తలకిందులైనా తెలియదు. అలాంటి కనబడని అక్షరాల చుట్టూ గడి గీసి చూపించే వసతి 2021 చివర్లో విఎస్ కోడ్‌లో వచ్చింది.

ఈ సుఖానికి ఖరీదు మెమరీ. గిట్ ప్రాజెక్టులు దాచుకునే చోటైన గిట్‌హబ్ 2014లో ఆటమ్ అనే ఎడిటర్ తెచ్చింది. దాన్ని కట్టడానికి క్రోమియం బ్రౌజర్ ఇంజన్‌నూ, బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్ నడిపే నోడ్ జెఎస్‌నూ కలిపి ఒక పునాది వేసుకుంది. ఆ పునాదికే తర్వాత ఎలక్ట్రాన్ అని పేరు పెట్టారు. వెబ్ పేజీ రాసినట్టే డెస్క్‌టాప్ ప్రోగ్రామ్ రాయొచ్చు, ఒకసారి రాస్తే మూడు సిస్టమ్‌లలోనూ నడుస్తుంది. 2015 ఏప్రిల్‌లో మైక్రోసాఫ్ట్ ప్రకటించిన విఎస్ కోడ్ కూడా దాని మీదే లేచింది. మన సత్య నాదెళ్ల ఆ కంపెనీ పగ్గాలు పట్టుకున్న మరుసటి ఏడాది అది. ఇక్కడ చిక్కేమిటంటే, ఎలక్ట్రాన్ మీద కట్టిన ప్రతి ప్రోగ్రామూ తన బ్రౌజర్‌ను తానే మోసుకొస్తుంది. చుట్టపుచూపుగా వచ్చినాయన సొంత పొయ్యి, గిన్నెలు, గ్యాస్ బండతో సహా దిగినట్టు. ఒకరైతే ఫరవాలేదు. విఎస్ కోడ్, ఎలక్ట్రాన్ మీదే కట్టిన స్లాక్, పక్కన ఇరవై ట్యాబుల క్రోమ్ కలిస్తే 4 జిబి ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ చేతులెత్తేస్తుంది.

ఎవరో చెప్పిన అంకెలు నమ్మనక్కర్లేదు, మీ మెషీన్‌లో మీరే చూసుకోవచ్చు. మీ ప్రాజెక్టు ఫోల్డర్ తెరిచి, ఒక జావాస్క్రిప్ట్ ఫైల్‌లో కాసేపు రాసి, టాస్క్ మేనేజర్‌లో ఎడిటర్ పేరు పక్కన చూడండి. విఎస్ కోడ్ పేరు మీద ఒకటి కాదు, అనేక ప్రాసెస్‌లు ఉంటాయి, అన్నీ కూడాలి. తర్వాత ఎక్స్‌టెన్షన్లన్నీ ఆపేసి మళ్లీ చూడండి. చాలాసార్లు బరువు ఎడిటర్‌ది కాదని, దానికి తగిలించిన సామానుదని తేలుతుంది.

పాత మెషీన్ ఉన్నవాళ్లకు నేను చెప్పేది సబ్లైమ్ టెక్స్ట్. ఆస్ట్రేలియాకు చెందిన జాన్ స్కిన్నర్ 2008లో విడుదల చేశాడు. సి ప్లస్ ప్లస్‌లో రాసినది, వేగం దాని సొత్తు. ఒకేసారి పదిచోట్ల కర్సర్లు పెట్టి రాయడం, ఫైల్ పేరులో నాలుగక్షరాలు కొట్టి దూకడం, ఏ పనినైనా పేరు కొట్టి పిలిచే కమాండ్ ప్యాలెట్, వీటికి అలవాటు పడ్డ ఒక తరాన్ని తయారుచేసింది. విఎస్ కోడ్‌లో ఇవాళ మీరు వాడే చాలా అలవాట్లు అక్కడివే. ధర 99 డాలర్లు. మన విద్యార్థికి అది పెద్ద మొత్తమే. కాకపోతే పరీక్షించి చూడడానికి గడువు పెట్టలేదు, అప్పుడప్పుడు కొనమని చిన్న కిటికీ తెరిచి అడుగుతుంది. సంపాదన మొదలయ్యాక కొనుక్కుంటే న్యాయంగా ఉంటుంది. పూర్తిగా ఉచితమూ, ఇంకా తేలికా కావాలంటే జీనీ ఉంది. చూడ్డానికి పాతకాలపుదిలా ఉంటుంది, హెచ్‌టిఎమ్ఎల్, సిఎస్ఎస్ నేర్చుకునే దశకు దర్జాగా సరిపోతుంది.

ల్యాబ్‌లో ఏదీ ఇన్‌స్టాల్ చేయనివ్వకపోతే? విఎస్ కోడ్ బ్రౌజర్ రూపం 2021 నుంచి ఉంది. వెబ్ చిరునామా కొడితే చాలు, క్రోమ్‌లోనో ఎడ్జ్‌లోనో తెరుచుకుని, మీ కంప్యూటర్‌లోని ఫోల్డర్‌నే చూపిస్తుంది. టెర్మినల్ ఉండదు, సర్వర్ నడపలేరు. నాలుగు ఫైళ్లు దిద్దడానికి చాలు. పాత ల్యాబులకు ఇంకో హెచ్చరిక: 2024 మొదట్లో వచ్చిన విఎస్ కోడ్ వెర్షన్ పాత లైనక్స్‌లకు మద్దతు ఎత్తేయడంతో, ఉబుంటు 18.04 ఉన్న సర్వర్లకు కనెక్టయ్యేవాళ్ల పని ఉన్నపళంగా ఆగింది. గగ్గోలు పుట్టాక కొంత గడువిచ్చారు. మూడు సిస్టమ్‌లలోనూ నడుస్తుందన్న మాటకు ఆయా సిస్టమ్‌ల కొత్త వెర్షన్లలో అని చదువుకోవాలి.

అసలు ఎడిటర్ మనకు చేసిపెట్టేదేమిటి? ట్యాగ్ తెరిస్తే మూయడం, తప్పు కింద ఎర్ర గీత పెట్టడం, ప్రాజెక్టు మొత్తం మీద ఒక పేరు వెతికి మార్చడం. విఎస్ కోడ్‌లో ఎమ్మెట్ అనే షార్ట్‌హ్యాండ్ ముందే ఉంటుంది. యుఎల్ అని కొట్టి, కుడివైపు బాణం ముక్కు గుర్తు పెట్టి, ఎల్ఐ, ఆ తర్వాత గుణకారపు నక్షత్రం గుర్తు, 5 అని రాసి ట్యాబ్ నొక్కండి. ఐదు అంశాల జాబితా మొత్తం ట్యాగులతో సహా కళ్లముందు పరుచుకుంటుంది. మొదటిసారి చూసినప్పుడు గారడీలాగే ఉంటుంది. సబ్లైమ్‌కు ఇది ప్యాకేజీగా దొరుకుతుంది.

ఈ సహాయాల్లో అన్నిటికన్నా పెద్దది, మీరు ఒక పేరు పక్కన చుక్క పెట్టగానే తర్వాత ఏమేం రావొచ్చో చూపించే జాబితా. అది ఎడిటర్ తెలివి అనుకుంటాం. నిజానికి వెనక వేరే ప్రోగ్రామ్ ఒకటి నడుస్తూ ఉంటుంది, మీ కోడ్ చదివి ఎడిటర్‌కు సమాధానాలు పంపుతుంది. పూర్వం ప్రతి ఎడిటరూ ప్రతి భాషకూ ఈ తెలివిని విడిగా కట్టుకోవాల్సి వచ్చేది. పది ఎడిటర్లు, ఇరవై భాషలు ఉంటే రెండొందల సార్లు అదే పని. 2016లో మైక్రోసాఫ్ట్, రెడ్ హ్యాట్, కోడెన్వీ కలిసి ఈ సంభాషణకు ఒక ఉమ్మడి పద్ధతి ప్రకటించాయి. దాని పేరు లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్. ఒక భాషకు ఒక సర్వర్ రాస్తే చాలు, ఆ పద్ధతి తెలిసిన ఏ ఎడిటరైనా దాన్ని వాడుకుంటుంది. విమ్ నుంచి చీలిన నియోవిమ్‌లో 2021 నుంచి ఇది లోపలే ఉంది, సబ్లైమ్‌కు ప్యాకేజీ వేసుకోవాలి. విఎస్ కోడ్ పుట్టించిన పద్ధతే విఎస్ కోడ్‌ను వదిలి వెళ్లే దారిని సుగమం చేసింది. అందుకే ఏ ఎడిటర్ తెలివైనదన్న వాదనలో ఇప్పుడు మునుపటంత పస లేదు.

ఇక మూతపడ్డవాటి సంగతి. వెబ్ డిజైనర్ల కోసమని అడోబీ తెచ్చిన బ్రాకెట్స్ ఎంత ముచ్చటగా ఉండేదో వాడినవాళ్లకు తెలుసు. మీరు సిఎస్ఎస్‌లో రంగు మారుస్తుంటే పక్కన బ్రౌజర్‌లో అదే క్షణంలో మారేది. 2021 సెప్టెంబర్ 1న అడోబీ దానికి మద్దతు ఆపేసింది, విఎస్ కోడ్‌కు వెళ్లమని సలహా ఇచ్చింది. ఆటమ్ కథ ఇంకా చిత్రం. 2018లో మైక్రోసాఫ్ట్ 750 కోట్ల డాలర్లకు గిట్‌హబ్‌ను కొనేసింది. ఒకే యజమాని చేతిలో రెండు ఎడిటర్లు, రెండూ ఎలక్ట్రాన్ మీదివే. ఏది మిగులుతుందో చెప్పడానికి జ్యోతిష్యం అక్కర్లేదు. 2022 డిసెంబర్ 15న ఆటమ్ మూతపడింది. పునాది వేసింది అది, మేడ మీద ఉన్నది ఇంకొకటి. ఆటమ్ కట్టినవాళ్లలో కొందరు ఎలక్ట్రాన్‌కు దండం పెట్టి, రస్ట్ భాషలో జెడ్ అనే కొత్త ఎడిటర్ రాశారు. 2024 జనవరిలో దాని సోర్స్ బయటపెట్టారు. మొదట మ్యాక్‌లో, 2024లోనే లైనక్స్‌లో, 2025 అక్టోబర్‌కు విండోస్‌లోకి వచ్చింది. మెరుపులా తెరుచుకుంటుంది. ఎక్స్‌టెన్షన్లు ఇంకా తక్కువే, నేర్చుకునేవాళ్లకు ఇప్పుడే చెప్పను.

స్టాక్ ఓవర్‌ఫ్లో 2024 సర్వేలో 73 శాతానికి పైగా డెవలపర్లు విఎస్ కోడ్ వాడుతున్నామన్నారు. అంతమంది వాడుతున్నారంటే పాఠాలు దొరుకుతాయి, సందేహం వస్తే సమాధానం దొరుకుతుంది, ఇది చిన్న లాభం కాదు. కానీ ఓపెన్ సోర్స్ అని చెప్పుకునే దాంట్లో ఒక మెలిక ఉంది. సోర్స్ కోడ్ ఎంఐటి లైసెన్స్ కింద అందరిదీ. మీరు డౌన్‌లోడ్ చేసుకునే తయారైన ప్రోగ్రామ్ మాత్రం మైక్రోసాఫ్ట్ సొంత లైసెన్స్‌తో, వాడకం వివరాలు పంపే ఏర్పాటుతో వస్తుంది. ఆ పంపడాన్ని సెట్టింగ్స్‌లో ఆపుకోవచ్చు. ఆ అదనాలేవీ లేకుండా అదే సోర్స్ నుంచి కొందరు కడుతున్నది విఎస్‌కోడియం. అది వాడితే మైక్రోసాఫ్ట్ ఎక్స్‌టెన్షన్ల అంగడి తలుపు మూసుకుంటుంది, ఓపెన్ విఎస్ఎక్స్ అనే వేరే అంగడికి వెళ్లాలి. కర్సర్ లాంటి ఏఐ ఎడిటర్లు కూడా విఎస్ కోడ్ సోర్స్ నుంచి చీలినవే, వాటికీ ఇదే అడ్డు. వెబ్ పనికి కావాల్సినవి చాలావరకు రెండు చోట్లా దొరుకుతాయి.

ఎక్స్‌టెన్షన్ల దగ్గర కొంచెం నిలబడాలి. మన పిల్లలు కొత్త ఫోన్‌లో యాప్‌లు వేసినట్టు ఇవి వేసేస్తారు: ఐకాన్లకు ఒకటి, రంగులకు నాలుగు, బ్రాకెట్లకు ఒకటి. ఫోన్‌లో యాప్ కెమెరా కావాలంటే మిమ్మల్ని అడుగుతుంది. విఎస్ కోడ్ ఎక్స్‌టెన్షన్ ఏమీ అడగదు. మీకు కంప్యూటర్‌లో ఎంత అధికారముందో దానికీ అంతే ఉంటుంది. ఏ ఫైలైనా చదవగలదు, ఎక్కడికైనా పంపగలదు, మీ ప్రాజెక్టులో దాచుకున్న పాస్‌వర్డ్‌లూ అందులో భాగమే. ప్రసిద్ధమైన పేరుకు ఒక్క అక్షరం అటూ ఇటూ చేసి పెట్టిన నకిలీలు బయటపడి తీసేసిన సందర్భాలున్నాయి. 2021లో వచ్చిన వర్క్‌స్పేస్ ట్రస్ట్, ఈ ఫోల్డర్‌ను నమ్ముతున్నారా అని అడుగుతుంది. అది తెలియని ప్రాజెక్టు నుంచి కాపాడుతుంది, మీరే వేసుకున్న చెడ్డ ఎక్స్‌టెన్షన్ నుంచి కాదు. కోడ్‌ను తీరుగా సర్దే ప్రిటియర్, తప్పులు పట్టే ఈఎస్‌లింట్, పేజీని బ్రౌజర్‌లో తాజాగా చూపించే చిన్న సర్వర్ ఒకటి, ఇవి చాలు మొదటి ఏడాదికి. ప్రచురించినవారెవరో చూసి మరీ వేసుకోండి.

డబ్బు పెట్టగలిగితే, లేదా సొంతంగా నేర్చుకోవడానికే అయితే, జెట్‌బ్రెయిన్స్ వారి వెబ్‌స్టార్మ్ గురించి ఒక మాట. 2024 అక్టోబర్ నుంచి వ్యాపారేతర వాడకానికి ఉచితం. ప్రాజెక్టు మొత్తాన్ని చదివి గుర్తుపెట్టుకుంటుంది, పేరు మారిస్తే ఎక్కడెక్కడ మారాలో నికరంగా చెబుతుంది. పెద్ద ప్రాజెక్టుల్లో దాని విలువ తెలుస్తుంది. తక్కువ ర్యామ్ ఉంటే దాని జోలికి పోవద్దు.

విమ్ గురించి వాదనలు పెట్టుకోను. రోజువారీ ఎడిటర్‌గా అది అందరికీ కాదు. కానీ సర్వర్‌లోకి ఎస్ఎస్‌హెచ్ ద్వారా దిగినప్పుడు అక్కడ మీకోసం ఎదురుచూసేది విమ్మో దాని పెద్దన్న విఐయో అయి ఉంటుంది. లోపలికి వెళ్లి ఐ నొక్కితే రాయొచ్చు. ఎస్కేప్ నొక్కి, కోలన్, డబ్ల్యూ, క్యూ కొడితే సేవ్ చేసి బయటికి. ఏదో గందరగోళమై సేవ్ చేయకుండా పారిపోవాలంటే ఎస్కేప్, కోలన్, క్యూ, ఆశ్చర్యార్థకం. 2017 నాటికే విమ్ నుంచి బయటపడడం ఎలా అన్న ప్రశ్నను స్టాక్ ఓవర్‌ఫ్లోలో పది లక్షలసార్లు చూశారు. మీరు ఒంటరి కాదు.

ఏఐ సహాయం ఇప్పుడు చాలా ఎడిటర్లలో ఉంది. 2021లో గిట్‌హబ్ కోపైలట్‌తో ఈ ఊపు మొదలైంది, 2024 డిసెంబర్‌లో దానికి పరిమితులతో ఉచిత రూపమూ వచ్చింది. నేర్చుకునే తొలి నెలల్లో దాన్ని ఆపేసి ఉంచమంటాను. సిఎస్ఎస్‌లో ఫ్లెక్స్‌బాక్స్ ఎందుకు కదలడం లేదో మీరు వెతుక్కునే లోపే అది రాసిచ్చేస్తే, ఇంటర్వ్యూలో బోర్డు ముందు ఇబ్బంది. పని చేసేవాళ్ల లెక్క వేరు.

ఎడిటర్‌ను వదిలి వెళ్లే వీలు ఎక్కడ ఉంటుందంటే, ప్రాజెక్టు ఫోల్డర్‌లోనే. ఎడిటర్ కాన్ఫిగ్ అనే చిన్న ఫైల్ ఒకటి ప్రాజెక్టులో పెట్టుకోవచ్చు. అందులో ఐదారు లైన్లే: యుటిఎఫ్-8 వాడాలి, లైను చివర ఒకటే గుర్తు ఉండాలి, లోపలికి జరపడానికి రెండు ఖాళీలు, ఫైల్ చివర ఒక కొత్త లైను. వెబ్‌స్టార్మ్, జెడ్, కొత్త నియోవిమ్ దీన్ని చెప్పకుండానే పాటిస్తాయి. విఎస్ కోడ్‌కు ఎక్స్‌టెన్షన్ వేయాలి. గిట్‌కు కూడా అలాంటిదే గిట్ అట్రిబ్యూట్స్ ఫైల్, లైను చివరల తగువు అక్కడే తీరిపోతుంది. ప్రిటియర్, ఈఎస్‌లింట్ నియమాలు కూడా ప్రాజెక్టులోనే ఉండాలి, మీ ఎడిటర్ సెట్టింగ్స్‌లో కాదు. ప్రోగ్రామ్ నడపడానికి ఎడిటర్‌లో ఉన్న బటన్ మీద ఆధారపడకుండా, టెర్మినల్‌లో ఒక కమాండ్‌తో నడిచేలా పెట్టుకోండి. విఎస్ కోడ్‌లో సెట్టింగ్స్ సింక్ ఉంది కదా అంటారు. మంచిదే, మైక్రోసాఫ్ట్ లేదా గిట్‌హబ్ అకౌంట్‌తో లాగిన్ అయితే మీ అలవాట్లన్నీ కొత్త మెషీన్‌కు వస్తాయి. అది మీ అలవాట్లను మోస్తుంది, అదీ విఎస్ కోడ్ నుంచి విఎస్ కోడ్‌కే. ల్యాబ్ కంప్యూటర్‌లో లాగిన్ అయితే లాగవుట్ మరిచిపోవద్దు.

8 జిబి ర్యామ్ ఉంటే విఎస్ కోడ్‌తో మొదలుపెట్టండి. 4 జిబి అయితే సబ్లైమో, జీనీయో. ఉద్యోగంలో చేరాక టీమ్ ఏది వాడితే అదే వాడండి, మొదటి నెలలో ఎడిటర్ గురించి పంతం పట్టడం బాగోదు. ఏది పెట్టుకున్నా ఒకరోజు సాయంత్రం ఈ పరీక్ష చేయండి. ప్రాజెక్టును గిట్ ద్వారానో పెన్‌డ్రైవ్‌లోనో ఇంకో సిస్టమ్ ఉన్న మెషీన్‌కు తీసుకెళ్లి, ఇంకో ఎడిటర్‌లో తెరవండి. తెలుగు అక్షరాలు నిలబడ్డాయా, బొమ్మలన్నీ వచ్చాయా, ఒక్క కమాండ్‌తో పేజీ తెరుచుకుందా, ఒక లైను మార్చి సేవ్ చేస్తే గిట్ ఒక్క లైనే మారిందంటోందా చూడండి. ఎక్కడ తేడా కొట్టిందో ఆ నియమం మీ పాత ఎడిటర్‌లోనే ఉండిపోయిందన్న మాట, దాన్ని తెచ్చి ప్రాజెక్టులో పెట్టండి. పెన్‌డ్రైవ్‌లో కాపీ చేసేటప్పుడు దించుకున్న ప్యాకేజీలు ఉండే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్‌ను మాత్రం వదిలేసి, అక్కడ కొత్తగా ఇన్‌స్టాల్ చేసుకోండి. విండోస్‌లో దించుకున్న ప్యాకేజీల్లో కొన్ని లైనక్స్‌లో నడవవు.